కుడి చేతికి అందే దూరం

మార్చి 4, మంగళవారం

ఈ నోటుపుస్తకం డైల కొలతలు రాసుకోవడానికి కొన్నాను. మొదటి నాలుగు పేజీల నిండా అవే. ఇవాళ్టి నుంచి ఇందులో డీజే కంట్రోలర్ సంగతులు రాస్తాను. ఏ వస్తువైనా ముందు కాగితం మీద పెట్టుకోకపోతే నాకు తోచదు. మా ఆవిడ దీన్ని చాదస్తం అంటుంది. ఇరవై ఏళ్ళుగా డబ్బా మూతల ఫ్యాక్టరీలో ప్రెస్‌లకి డైలు, అంటే రేకుని నొక్కే అచ్చులు, బిగిస్తున్నవాణ్ణి. వెంట్రుకవాసి తేడా వస్తే మూత డబ్బాకి పట్టదు. ఆ సంగతి ఆవిడకేం తెలుసు!

కంట్రోలర్ నాకే, తమ్ముడికి కాదు. వాడి ఎడమ చేతికి ఇంకా కట్టు ఉంది. నాలుగు వేళ్ళు పోయి బొటనవేలు మిగిలింది. అలాంటివాడి ముందు పాటలు కలిపే యంత్రం తెచ్చిపెట్టడానికి నేనేమైనా రాక్షసుణ్ణా? ఇద్దరం కలిసి కొందామనుకున్న మాట నిజమే. ఇప్పుడు నేనొక్కణ్ణే కొంటున్నాను. నలభై మూడేళ్ళవాడికి ఒక సరదా ఉండకూడదా?

ఆ రోజు సంగతి ఒక్కసారి రాసి వదిలేస్తాను. ఫిబ్రవరి 11. తమ్ముడు నడిపే నాలుగో నంబరు ప్రెస్, రంగు డబ్బాల మూతలు. ప్రెస్‌కి రెండు బటన్లు ఉంటాయి. రెండు చేతులతో ఒకేసారి నొక్కితే గాని దిగదు. చేతులు రెండూ బటన్ల మీదుంటే లోపల ఉండవు కదా, అందుకని ఆ ఏర్పాటు. ఆ రోజు ఎడమ బటన్ సందులో ఎవరో అట్టముక్క దూర్చి ఉంచారు. అది నొక్కినట్టే ఉండిపోయింది. తమ్ముడు ఎడమ చెయ్యి లోపల పెట్టి రేకు సర్దుతూ, కుడి చెయ్యి అలవాటు కొద్దీ బటన్ మీద వేశాడు. రెండో చెయ్యి పడందే దిగదన్న ధైర్యంతో అందరం అలాగే వేస్తాం. దిగింది.

అట్టముక్క ఎవరు పెట్టారో తెలియదు. పని తొందరగా అవుతుందని ఆపరేటర్లు పెట్టుకుంటూనే ఉంటారు. ఫోర్‌మన్ కూడా అదే అన్నాడు.

మార్చి 6, గురువారం

కావలసినవి: రెండు పాటలు పక్కపక్కన నడపడానికి రెండు వైపులు చాలు, నాలుగు వద్దు. సౌండ్ కార్డ్ లోపలే ఉండాలి. హెడ్‌ఫోన్ గుచ్చే చోటు ముందువైపు ఉంటే మేలు. తమ్ముడి పాత ల్యాప్‌టాప్‌లో నడవాలి.

కట్టు మార్పించడానికి వాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళాను. నర్సు కట్టు విప్పుతుంటే గోడ మీది క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాను. "నువ్వు బయట కూర్చో అన్నా, నీ మొహం చూస్తే నాకే భయమేస్తోంది" అన్నాడు వాడు.

మార్చి 8, శనివారం

షాపుకి వెళ్ళాను. రెండో అంతస్తు, ఇరుకు మెట్లు, పైన గోడ నిండా గిటార్లు. అమ్మే అమ్మాయికి పాతికేళ్ళుంటాయి, మెడలో హెడ్‌ఫోన్, మొహంలో విసుగు. మూడు కంట్రోలర్లు బల్ల మీద పెట్టింది. నల్లది చిన్నది. బూడిద రంగుది కాస్త పెద్దది. మూడోది బల్లంత ఉంది, దాన్ని తీసేయమన్నాను.

జేబులోంచి స్టీలు స్కేలు తీసి కొలవడం మొదలుపెట్టాను.

"ఏంటండీ, అద్దె ఇల్లు చూస్తున్నట్టు చూస్తున్నారు? వాయించి చూడండి."

"వాయించడం తరవాత. చెయ్యి అందుతుందో లేదో ముందు తేలాలి."

ఎడమవైపు ప్లే బటన్ నుంచి కుడివైపు ప్లే బటన్ దాకా నల్లదానికి పద్దెనిమిది సెంటీమీటర్లు, బూడిదదానికి ఇరవై మూడు. నల్లదాని మీద కుడి చెయ్యి పరిస్తే బొటనవేలు ఒకదాని మీద, చిటికెనవేలు రెండోదాని మీద హాయిగా పడ్డాయి. బూడిదదాని మీద పడలేదు. చక్రం మాత్రం బూడిదదానిదే బాగుంది. పాటని ముందుకీ వెనక్కీ తోసే చక్రం అది, జాగ్ వీల్ అంటారు. అరచేత్తో తోసినా కదులుతుంది.

"ఎడమ చేతికి ఏమైనా దెబ్బ తగిలిందా అండీ?" అని అడిగింది.

అప్పుడు చూసుకున్నాను, ఎడమ చెయ్యి ప్యాంటు జేబులో ఉంది. ఏమీ కాలేదన్నాను. ఆ షాపులో ఏసీ ఎక్కువ.

మార్చి 9, ఆదివారం

తమ్ముడు భోజనం చేసి పడుకున్నాక వాడి కుడి చేతి జాన కొలిచాను. ఇరవై ఒకటిన్నర. నాకూ అంతే. అన్నదమ్ములకి ఒకే కొలత ఉంటుందా లేదా చూద్దామని, అంతే.

మార్చి 11, మంగళవారం

నెలైంది.

ఈ పిచ్చి వాడిదే. కిందటేడు పక్కింటివాళ్ళ పెళ్ళిరోజుకి రెండు ఫోన్లు పెట్టుకుని పాట ఆగకుండా పాట వేశాడు. ఎలా కలిపావురా అంటే మర్నాడు ఫ్యాక్టరీలో చూపించాడు. ఒకటో నంబరు ప్రెస్, మూడో నంబరు ప్రెస్ వేర్వేరు వేగాలతో కొడుతుంటాయి. ఉండుండి రెండు దెబ్బలూ ఒక్కటవుతాయి, మళ్ళీ విడిపోతాయి. "ఆ ఒక్కటయినదాన్ని విడిపోకుండా పట్టుకోవడమే అన్నా డీజే అంటే" అన్నాడు. ఇరవై ఏళ్ళు ఆ చప్పుడులో బతికి నేనెప్పుడూ వినలేదు. అప్పట్నుంచి నేనూ వాడితోపాటు వీడియోలు చూడటం మొదలుపెట్టాను. మా ఆవిడ ఇద్దరినీ కలిపి తిట్టేది.

ఇవాళ సాయంత్రం వాడు అడిగాడు.

"అన్నా, ఆ అట్టముక్క నేనే పెట్టుకున్నానంటావా?"

"ఇప్పుడెందుకురా అవన్నీ?"

"పెట్టినట్టు నాకు గుర్తులేదు. కానీ అందరూ అంటుంటే పెట్టానేమో అనిపిస్తోంది. నిన్న కలలో పెట్టాను కూడా. మడతపెట్టి దూర్చాను. అంత స్పష్టంగా కనబడింది."

"గుర్తు తెచ్చుకోకు. తలనొప్పి వస్తుంది."

"పెట్టే ఉంటాను లే" అన్నాడు.

మార్చి 12, బుధవారం

బూడిదదానికి సౌండ్ కార్డ్ లోపలే ఉంది.

మార్చి 15, శనివారం

మళ్ళీ షాపు. నల్లది తీసుకుందామనే వెళ్ళాను, ఒక్క జానలో అందుతుంది కాబట్టి. ఆ అమ్మాయి ఈసారి కూర్చోబెట్టి నేర్పింది. నల్లది చిన్నది కదా, బటన్లు తక్కువ. అందుకని ఒక్కో బటన్‌కి రెండు పనులు పెట్టారు. రెండో పని కావాలంటే ఎడమ చివర షిఫ్ట్ అనే బటన్ నొక్కి పట్టుకుని, రెండో చేత్తో అసలు బటన్ నొక్కాలి.

"ఒక చేత్తో కుదరదా?"

"కుదరదండీ. రెండూ ఒకేసారి నొక్కితేనే పనిచేస్తుంది."

నేను బొటనవేలు సాగదీసి చూశాను, అరచెయ్యి అడ్డం తిప్పి చూశాను. ఎడమ చెయ్యి జేబులోనే ఉంది. ఇక దాని గురించి బుకాయించను.

"అంత కష్టమైతే షిఫ్ట్ మీద టేపు వేసేయండి. ఎప్పుడూ నొక్కే ఉంటుంది" అని నవ్వింది పాపం.

లేచి వచ్చేశాను. స్కేలు అక్కడే వదిలేశాను. మెట్ల మీద కూర్చుండిపోయాను. గిటార్ భుజానికి తగిలించుకుని ఎవరో పైకి వెళుతూ దారి ఇమ్మన్నారు, జరగడానికి కూడా చేతకాలేదు.

మార్చి 16, ఆదివారం

వెనక్కి తిప్పి చదివాను. "ఎవరో దూర్చి ఉంచారు" అని రాశాను. ఎవరూ చదవని పుస్తకంలో కూడా.

నేనే పెట్టాను.

డై బిగించేటప్పుడు ఒక చెయ్యి డై మీద ఉండాలి, రెండో చేత్తో ప్రెస్‌ని కొంచెం కొంచెంగా దించి చూడాలి. రెండు బటన్లకి రెండు చేతులూ పోతే డై పట్టుకునేదెవరు? అందుకని ప్రతి సెట్టరూ ఒక బటన్‌లో ఏదో ఒకటి దూరుస్తాడు. నేను మూతల పెట్టె అట్ట చింపి నాలుగు మడతలు పెడతాను. పని అయ్యాక పీకేసి జేబులో వేసుకుంటాను. అది ఆఖరి పని. ఇరవై ఏళ్ళలో ఎన్ని వేలసార్లు పీకానో.

ఆ రోజు ఆఖరి పని ముందు తమ్ముడు ఫోన్ పట్టుకుని వచ్చాడు. "అన్నా, ఇది చూడు, కొత్తగా వచ్చింది" అన్నాడు. ఈ బూడిద రంగుదే. చేతులు తుడుచుకుని ఫోన్ తీసుకున్నాను. చక్రం పెద్దదిగా ఉందిరా అన్నాను. ఇద్దరం కాసేపు మురిసిపోయాం. ఫోన్ వాడికిచ్చి, "డై రెడీ, నడుపుకో" అని రెండో నంబరు దగ్గరికి వెళ్ళిపోయాను.

అరుపు విని పరిగెత్తాను. వాడి తల నా ఒళ్ళో ఉంది. అప్పుడే ఫోర్‌మన్ బటన్‌లోంచి అట్టముక్క పీకి, "చూశారా, వీళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా ఇంతే" అన్నాడు. నేను పైకి చూశాను. నోరు తెరిచాను కూడా. అంబులెన్స్ వచ్చింది, ఎక్కాను. మర్నాడు ఆపరేషన్ అన్నారు. ఆ మర్నాడు వాడికి జ్వరం. మొదటి రోజు చెప్పలేదంటే కంగారు అనుకుంటారు. నాలుగో రోజుకి అది దాచడమే.

నల్లది వద్దు.

మార్చి 18, మంగళవారం

షాపు అమ్మాయి స్కేలు దాచి ఉంచింది. ఈసారి ఆమెకి సంగతి చెప్పాను, మొత్తం కాదు, మా తమ్ముడికి ఒక చెయ్యే పనిచేస్తుంది అన్నంత వరకు. ఆమె విసుగు మొహం మారిపోయింది. బూడిదదాన్ని ల్యాప్‌టాప్‌కి తగిలించి, ఏ బటన్‌కి ఏ పని కావాలంటే ఆ పని ఎలా అప్పగించాలో చూపించింది. కుడివైపు ప్లేని తెచ్చి మధ్యలో ఉన్న ఒక ప్యాడ్‌కి, అంటే చదరపు బటన్‌కి, ఇచ్చింది. ఇప్పుడు దూరం పదమూడు సెంటీమీటర్లు. షిఫ్ట్ అవసరమయ్యే పనులన్నీ విడి ప్యాడ్‌లకి పంచేసింది. గంటన్నర పట్టింది.

"మీ తమ్ముడు అదృష్టవంతుడండీ" అంది.

మార్చి 20, గురువారం

ఫోర్‌మన్ ఇంటికి వచ్చాడు. తమ్ముడి పక్కన కూర్చుని, చెయ్యి ఎలా ఉందని అడిగి, కాగితం తీశాడు. అట్టముక్క తనే పెట్టుకున్నానని, పొరపాటు తనదేనని తమ్ముడు రాసిస్తే స్టోర్‌లో కూర్చునే పని ఇస్తారట. రాసివ్వకపోతే ఏప్రిల్ 3న సర్కారు ఇన్‌స్పెక్టర్ వచ్చి అందర్నీ విచారిస్తాడు. "ఆపరేటర్‌నీ, సెట్టర్‌నీ" అన్నాడు నా వైపు చూడకుండానే. "ఎవరి తప్పని తేలితే వాళ్ళ మీద కేసు. ఇంట్లో సంపాదించేది మీరిద్దరే. బాగా ఆలోచించుకోండి."

ఆయన వెళ్ళాక వంటింట్లో మా ఆవిడ గిన్నె కడుగుతూ, నా వైపు తిరగకుండా అడిగింది.

"మీ చొక్కా జేబుల్లో ఎప్పుడూ అట్టముక్కలుంటాయి. ఉతికేటప్పుడు తీసి పారేస్తుంటాను. అలాంటిదేనా అది?"

"నీకేమైనా మతి పోయిందా!" అని అరిచాను. మళ్ళీ అడగలేదు. గిన్నె మాత్రం చాలాసేపు కడిగింది.

మార్చి 22, శనివారం

కొన్నాను. బూడిదది.

ముందుగదిలో టేబుల్ మీద పెట్టి, "నాకే" అన్నాను. తమ్ముడు దాన్ని చూశాడు, నన్ను చూశాడు, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కుడి చెయ్యి పరిచాడు. బొటనవేలు ఎడమ ప్లే మీద, చూపుడువేలు ప్యాడ్ మీద. ఏది ఎక్కడుందో నేను చెప్పకముందే చెయ్యి కనిపెట్టేసింది.

"నాకేనట, నాకే! దొంగ మొహమా" అని నవ్వాడు. నలభై రోజుల తరవాత.

మార్చి 23, ఆదివారం

పొద్దున్నించి వాడు దాని ముందే ఉన్నాడు. రాబోయే పాట చెవిలో వినడానికి హెడ్‌ఫోన్ ఒక పక్క భుజంతో నొక్కిపెడుతున్నాడు. ఒక పాటలోంచి ఇంకో పాటలోకి జరిపే మీట ఉంటుంది, దాన్ని కట్టులోంచి బయటికున్న ఎడమ బొటనవేలుతో తోశాడు. తాళం తప్పలేదు. రెండు పాటలూ ఒక నిమిషం పాటు ఒక్కటిగా నడిచాయి.

"వదినా, విన్నావా!" అని కేక పెట్టాడు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, విన్నానంది. నేను పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను.

మార్చి 26, బుధవారం

అన్నం సహించడం లేదు. వాడు నా ప్లేటులోకి చూసి, "నా గురించి బెంగపెట్టుకోకన్నా, నాకేం తక్కువ, నువ్వున్నావు" అంటాడు. ఇలాంటి మాటకన్నా నాలుగు తన్నులు తన్నినా బాగుండేది.

మార్చి 29, శనివారం

చెప్పాను.

మా ఆవిడ బజారుకి వెళ్ళింది. వాడు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఉన్నాడు. తీసి పక్కన పెట్టమన్నాను. ఎదురుగా స్టూలు మీద కూర్చుని, ఒక్క గుక్కలో చెప్పేశాను. అట్ట చింపడం, నాలుగు మడతలు, ఫోన్, చక్రం పెద్దదిగా ఉందిరా అనడం, పీకడం మరచిపోవడం, అంతా.

వాడు తల అడ్డంగా ఊపాడు.

"వద్దన్నా."

"ఏంటి వద్దు?"

"నా కోసం నీ మీద వేసుకోవద్దు. ఇన్‌స్పెక్టర్‌కి ఇలాగే చెప్దామనుకుంటున్నావు కదా? నాకు తెలుసు. ఈలోగా నా దగ్గర రిహార్సల్ చేస్తున్నావు."

"ఒట్టురా. నేనే మరచిపోయాను."

"నువ్వా? మరచిపోవడమా?" అని నవ్వాడు. "ఇరవై ఏళ్ళలో ఒక్క డై వంకరగా బిగించావా? తలుపు గడియ మూడుసార్లు చూసుకునేవాడివి. కంట్రోలర్ కొనడానికి స్కేలు పట్టుకెళ్ళినవాడివి. అట్టముక్క పీకడం మరచిపోతావా నువ్వు? ఎవరికి చెప్తున్నావు?"

ఈ నోటుపుస్తకం తెచ్చి చేతికిచ్చాను. చదవమన్నాను. నాలుగో తారీకుది చదివాడు, పదహారో తారీకుది చదివాడు. మూసి నా ఒళ్ళో పెట్టాడు.

"ముందు తెలియదని రాశావు. తరవాత నాకు చూపించడానికి కూర్చుని ఇది రాశావు. నాకు గుర్తుందన్నా. నేనే మడతపెట్టాను, నేనే దూర్చాను. రోజూ కనబడుతోంది."

"అది కలరా!"

"కల కాదు. మొదట కలనుకున్నాను."

నా భుజం మీద ఆ కట్టు చెయ్యి వేశాడు. బరువే లేదు దానికి. వాడు నన్ను ఓదార్చాడు. రాయడానికి తల కొట్టేసినట్టుంది, అయినా రాస్తున్నాను. వాడు నన్ను ఓదార్చాడు, నేను ఓదార్పించుకున్నాను.

మార్చి 31, సోమవారం

"అన్న నా తప్పు తన మీద వేసుకుంటానంటున్నాడు వదినా. నువ్వైనా చెప్పు" అన్నాడు తమ్ముడు, భోజనాల దగ్గర.

మా ఆవిడ నా వైపు చూసింది. ఎంతసేపు చూసిందో. వాడికి మారు వడ్డించింది. నాకు వడ్డించలేదు.

ఏప్రిల్ 1, మంగళవారం

ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకి వెళ్ళాను. టోకెన్ తీసుకున్నాను, ముప్ఫై నాలుగు. ఇరవై తొమ్మిది దాకా పిలిచి, భోజన విరామం అని కిటికీ మూసేశారు. నాకు రెండింటికి డ్యూటీ. లేకపోతే ఉండేవాణ్ణే.

ఉండేవాణ్ణి కాదు. టోకెన్ అక్కడి బెంచీ మీద పెట్టి వచ్చేశాను.

ఏప్రిల్ 2, బుధవారం

నేను మళ్ళీ ఎక్కడికైనా వెళ్ళి నోరు జారతానని భయపడి, తమ్ముడు ఫోర్‌మన్‌కి తనే ఫోన్ చేసి, కాగితం మీద సంతకం పెడతానన్నాడు. వాడి మొండితనం నాకు తెలుసు. నేను వద్దన్నకొద్దీ వాడికి పట్టుదల పెరిగింది. పదకొండింటికి ఇద్దరం ఫోర్‌మన్ గదిలోకి వెళ్ళాం.

"ఇది నా తప్పు సార్, నేనే పీకడం మరచిపోయాను" అన్నాను గుమ్మంలోనే.

ఫోర్‌మన్ నా వైపు జాలిగా చూశాడు. "మీవాడు నాకు ముందే చెప్పాడు, నువ్వు ఇలా అంటావని. ఇలాంటి అన్న ఎవరికుంటాడయ్యా" అన్నాడు. ప్యూన్‌ని పిలిచి నాకు మంచినీళ్ళు ఇమ్మన్నాడు. ఇంకోసారి అనవచ్చు. బల్ల గుద్ది అనవచ్చు. నీళ్ళు తాగాను.

తమ్ముడు కాగితం చదివాడు. పెన్ను కుడి చేత్తో తీసుకున్నాడు. బల్ల మీద గాజు పలక, నడినెత్తిన ఫ్యాను. సంతకం పెట్టబోతే కాగితం జరిగిపోయింది. కట్టు చేత్తో అదిమాడు, అదీ జారింది.

"అన్నా, కాస్త పట్టుకో" అన్నాడు.

రెండు చేతులతో పట్టుకున్నాను.